ఇది నాదా, ఫోటోదా?

"మా అమ్మని చెరిపేశారు మీరు."

స్టూడియో తలుపు తోసుకుని వస్తూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. బయట వాన దంచికొడుతోంది. నీలం గొడుగు మడవాలన్న ధ్యాస కూడా లేకుండా నీళ్ళోడుతూ కౌంటరు దాకా వచ్చేసింది. తను నిలువునా తడిసింది గానీ చేతిలోని కవరు మీద మాత్రం ఒక్క చినుకు పడనివ్వలేదు.

కంప్యూటరు ముందు కూర్చున్న అతను బిత్తరపోయి లేచాడు. దళసరి కళ్ళజోడు ముక్కు మీదికి జారింది.

"ఏమైందండీ?"

"ఇదేమిటో మీరే చెప్పండి." కవర్లోంచి ఫోటో తీసి కౌంటరు మీద పెట్టింది.

అతనికి ఆ ఫోటో బాగా గుర్తుంది. తడిసి, బూజు పట్టి, ముఖం నిండా నల్లచుక్కలతో వచ్చిన పాత ఫోటో. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. ఈ మధ్య తను చేసిన పనుల్లోకెల్లా అదే బాగా కుదిరిందని లోలోపల మురిసిపోయాడు కూడా.

"బాగానే వచ్చింది కదండీ. ఒక్క మచ్చ కూడా లేదు."

"నేను చెప్పేదీ అదే. మచ్చ ఏది? మా అమ్మకి పెదవి కింద పుట్టుమచ్చ ఉండాలి. మా నాన్నకి చూపిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, ఎవరమ్మా ఈవిడ అని అడిగాడు. కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని ఎవరీవిడ అన్నాడండీ. అమ్మ పోయాక ఇంట్లో ఆవిడ ఫోటో అంటూ నిలిచింది ఇదొక్కటే." తడి చేత్తో కళ్ళు తుడుచుకుంది.

లోపలి గదిలోంచి స్టూడియో యజమాని, అంటే అతని మామయ్య, తొంగి చూశాడు.

"ముఖం మీద ఏ మచ్చ కనిపించినా తీసెయ్యమని వీడికి నేర్పింది నేనేనమ్మా. ఇన్నేళ్ళలో మచ్చ పోయిందని ఏడ్చినవాళ్ళని నిన్నే చూస్తున్నాను."

"నేను ఏడవట్లేదు. వాన నీళ్ళవి," అందామె ముక్కు ఎగబీలుస్తూ.

అతను గబగబా పాత స్కాను తెరిచాడు. స్క్రీను మీద ఆవిడ ముఖం మళ్ళీ చుక్కల మయమైపోయింది. "మీరే చూడండి. ఇన్ని చుక్కల్లో పుట్టుమచ్చ ఏదో నాకెలా తెలుస్తుంది?"

ఆమె అతని కుర్చీ పక్కకి వచ్చి వంగింది. తడిసిన జడలోంచి ఒక నీటిబొట్టు కీబోర్డు మీద పడింది. అతను దాన్ని తుడవడం మర్చిపోయాడు.

"ఇది," అంది వేలు పెట్టి.

"ఇదా? దీని పక్కదీ అచ్చం ఇలాగే ఉంది."

"అది బూజు. ఇది అమ్మ."

అతను బూజంతా తీసేసి ఆ ఒక్క చుక్కనీ ఉంచాడు. కొత్త ప్రింటు చేతికొచ్చాక ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"థాంక్సండీ, రబ్బరు గారూ."

"రబ్బరేమిటి?"

"చెరిపేవాటిని మా పిల్లలు అలాగే అంటారు. నేను లెక్కల టీచర్ని," అని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు మాత్రం కౌంటరు దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడా స్టూడియో లేదు. ఆ చోట ఫోన్లకి కవర్లు అమ్ముతున్నారు. పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అతని కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. అప్పట్లో లోపల ఒక గోడ పొడవునా కొండలూ సరస్సూ ఉన్న పరదా వేలాడేది. ఎప్పుడో ఎవరో పసిపిల్ల మధ్యలో ఉమ్మేసిన చోట సరస్సు కాస్త వెలిసిపోయింది. గోడ అద్దానికి దారంతో కట్టిన దువ్వెన ఉండేది, ఎవరూ పట్టుకుపోకుండా. మూలనున్న స్టూలుకి ఒక కాలు పొట్టి. దాని కింద మడత పెట్టిన అట్టముక్క. లోపలంతా వేడెక్కిన ప్రింటరు వాసన, తడి గొడుగుల వాసన. ఆ రెండు వాసనలూ కలిసి ఎక్కడైనా తగిలితే అతను ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాడు.

ఆ వాన మర్నాడు సాయంత్రం టీచరమ్మ గొడుగు కోసం వచ్చింది. ఊరికే రాలేదు. చంకలో ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టుకుని వచ్చింది. ఇంటి పైకప్పు కారి డబ్బాలోకి నీళ్ళు దిగాయట. లోపల బంధువుల ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇవన్నీ బాగుచేయాలి. కానీ ఈసారి నేను పక్కన కూర్చుంటాను. ఏది బూజో, ఏది మా వాళ్ళో నేను చెప్తాను."

అతను మామయ్య వైపు చూశాడు. కస్టమర్లని కంప్యూటరు దగ్గరికి రానివ్వకూడదన్నది మామయ్య పెట్టిన రూలే. మామయ్య సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, "ఆ స్టూలు లాగి వెయ్యరా. అట్టముక్క జాగ్రత్త," అన్నాడు.

అలా మొదలైంది. బడి వదలగానే ఆమె వచ్చేది. కుంటి స్టూలు మీద కూర్చుని, స్క్రీను మీద వేలు ఆనించకుండా చూపించేది. "ఇది మా పెదనాన్న చెంప మీద గాటు. ఉంచండి. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాడు. ఇది బూజు. ఇది మా మేనత్త ముక్కుపుడక, పొరపాటున తీసేస్తే మీ సంగతి చెప్తుంది." మధ్యమధ్యలో స్టాఫ్ రూము కబుర్లు. సైన్సు మాస్టారికీ డ్రాయింగు టీచరుకీ ఒక కిటికీ గురించి యుద్ధం. అది తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు.

అతను చెరుపుతూ వినేవాడు. ఒక్కోసారి వింటూ చెరపడం మానేసేవాడు.

"చెయ్యి ఆగిందే," అనేదామె.

"జూమ్ చేస్తున్నానండీ."

"మౌసు కదలకుండానా?"

లోపల మామయ్య దగ్గేవాడు. ఆయనకి ఏ జబ్బూ లేదు.

బిస్కెట్ల డబ్బా సగమైందనుకుంటున్న రోజుల్లో, ఒక ఉదయం అతను ఎవరిదో పెళ్ళిఫోటో తెరిచి, తెల్లటి గోడ మీదున్న ఒక చుక్కని చెరిపాడు. అది పోలేదు. మళ్ళీ చెరిపాడు. ఉన్నచోట ఉండకుండా జరిగింది. స్క్రీను తుడిచాడు, కళ్ళజోడు తుడిచాడు, కిటికీ తెరిచి బయటికి చూశాడు. తెల్లటి ఆకాశంలో అదే చుక్క, దాని వెంట తెగిన దారంలాంటి గీత ఒకటి, ఇంకో రెండు మసక ముద్దలు, అతను ఎటు చూస్తే అటు ఈదుకుంటూ వచ్చాయి.

తన బతుకంతా చుక్కలు ఏరడమే. ఇప్పుడు చుక్కలు తన కంట్లోనే వచ్చి కూర్చున్నాయి. పని పోతే ఏం చేయాలి, ఇంకేం వచ్చు తనకి?

ఆ సాయంత్రం అతని ముఖం చూసి టీచరమ్మ ఏమిటని గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పాడు. కంటి మూల అప్పుడప్పుడూ మెరుపులు కూడా మెరుస్తున్నాయన్నాడు. ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"లేవండి. మెరుపులంటే ఆలస్యం చెయ్యకూడదు. మా హెడ్మాస్టారికి ఇలాగే అయింది."

కళ్ళ డాక్టరమ్మ మందు చుక్కలు వేసి, లైటు వేసి, లోపలంతా వెతికింది. అదృష్టం బాగుండి రెటీనా ఎక్కడా చిరగలేదు. కంట్లో నిండి ఉండే జెల్లీలాంటి పదార్థం వయసుతో పల్చబడుతుందట. అతనిలా మైనస్ పవరు ఎక్కువున్నవాళ్ళకి ఆ సంబడం ముందే వస్తుందట. అందులో తేలే పోగుల నీడలే ఈ చుక్కలు. ఫ్లోటర్లంటారు.

"చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతాయి. ఉంటాయి, కానీ పట్టించుకోరు," అంది డాక్టరమ్మ.

"అలవాటు కాకపోతే?" అని టీచరమ్మే అడిగింది.

"ఆపరేషన్ ఉంది. ఆ జెల్లీ తీసేసి సెలైన్ లాంటి ద్రవం నింపుతాం. చుక్కలు పోతాయి. కానీ కన్ను కదా. శుక్లం తొందరగా వచ్చేస్తుంది, దానికి మళ్ళీ ఇంకో ఆపరేషన్. నూటికి ఏ ఒకరిద్దరికో రెటీనా ఊడుతుంది. అరుదుగా చూపు పోయినవాళ్ళూ ఉన్నారు. అందుకే వీటివల్ల బతుకు సాగనివాళ్ళకే చేస్తాను. మీకు ఎంత ఇబ్బందో ఏ మెషినూ చెప్పదు. మీరే చెప్పాలి. ముందు కొన్నాళ్ళు చూడండి."

మందు చుక్కలకి కళ్ళు విప్పారి బయట ఎండ భరించలేకపోయాడు. టీచరమ్మ అతని మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. "గుంత. మెట్టు. కుక్క పడుకుంది, పక్కనుంచి రండి," అని చెబుతూ నడిపించింది. ఆ రోడ్డు ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండునని అతనికి అంత భయంలోనూ అనిపించింది.

మొదటి రోజులు నిజంగానే నరకం. పుస్తకం తెరిస్తే అక్షరాల మీద పోగులు పాకేవి. తెల్లగోడ కనబడితే తల తిప్పుకునేవాడు. పని దగ్గర కూర్చుంటే ఏ చుక్క ఫోటోదో, ఏది తనదో తెలియక మౌసు వదిలేసేవాడు.

"నన్నడగండి," అంది టీచరమ్మ, స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని. "ఫోటోదైతే టిక్కు, మీదైతే ఇంటూ."

"ఇది నాదా, ఫోటోదా?"

"ఇంటూ. మీది."

"ఇది?"

"టిక్కు. చెరిపెయ్యండి."

అతని ప్రాణం లేచొచ్చింది.

కానీ ఓ వారం తిరిగేసరికల్లా అతనికో సంగతి తెలిసిపోయింది. చూపు కొంచెం పక్కకి తిప్పితే చాలు. తన చుక్క తనతోపాటు కదిలి, వెనక నింపాదిగా తేలుకుంటూ వస్తుంది. ఫోటోలోది ఉన్నచోటే ఉంటుంది. అంతే. చంటిపిల్లాడైనా పోల్చుకోవచ్చు. ఇక ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం ఆ మాట చెబుదామనే నోరు తెరిచాడు. ఆమె స్టూలు మీద సర్దుకుని కూర్చుని, వానకి తడిసిన ముంగురులు చెవి వెనక్కి నెట్టుకుని, "ఊఁ, కానివ్వండి," అంది.

"ఇది నాదా, ఫోటోదా?" అన్నాడు.

అలా అడుగుతూనే పోయాడు. వానలు వెలిశాయి, చలి వచ్చింది, చలీ పోయింది. రోజూ పొద్దున్న ఒంటరిగా చకచకా పని చేసుకునేవాడు. సాయంత్రం ఆమె రాగానే పెద్ద కష్టమొచ్చినవాడిలా కళ్ళు చికిలించేవాడు. పాపం, ఆమె ఒక్కో చుక్కకీ ఊపిరి బిగబట్టి, పరీక్ష పేపరు దిద్దినంత శ్రద్ధగా టిక్కులూ ఇంటూలూ చెప్పేది. రాత్రి పడుకునే ముందు సిగ్గేసేది. తెల్లారేసరికి ఆ సిగ్గు ఎటో పోయేది.

డబ్బా మాత్రం ఎంతకీ అవ్వలేదు. పెదనాన్నలయ్యారు, బాబాయిలొచ్చారు, వాళ్ళ తోడల్లుళ్ళొచ్చారు.

"మీ చుట్టాలు మొత్తం ఎంతమందండీ?" అని ఒకసారి అడిగాడు.

"మాది పెద్ద కుటుంబం," అంది ఆమె చటుక్కున, డబ్బా మూత పెడుతూ.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఆమె డబ్బా లేకుండా వచ్చింది. ఖాళీ చేతులతో స్టూలు మీద కూర్చుని కొంగు అంచు మడతలు పెడుతూ ఉంది.

"ఫోటోలు అయిపోయాయండీ."

"అన్నీనా?"

"అన్నీ." కొంగు వదిలేసింది. "మీ కళ్ళ సంగతేం చేస్తారు? డాక్టరమ్మ చూడమన్న నెలలు గడిచిపోయాయి. ఇప్పటికీ ప్రతి చుక్కకీ అడుగుతున్నారు. నేను ఎల్లకాలం ఇలా పక్కన కూర్చోలేను కదా."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఎందుకు కూర్చోకూడదు అని అతను ఒక్క మాటంటాడేమోనని ఆ చూపుకి అర్థం. లెక్కలు చెప్పేవాళ్ళు కూడా ఒక్కోసారి ఇంత తేలిక జవాబు కోసం ఎదురు చూస్తారు.

అతనికి ఆ చూపు అర్థం కాలేదు. వినిపించింది మాటే. విసిగిపోయింది, తప్పించుకోవాలనుకుంటోంది, అనుకున్నాడు.

"నిజమేనండీ. ఎంతకాలమని మిమ్మల్ని కష్టపెడతాను. ఆపరేషన్ చేయించుకుంటాను."

ఆమె ముఖం చిన్నబోయింది. "మంచిది," అంది. "తోడు నేనొస్తాను."

ఆమె వెళ్ళిపోయాక మామయ్య లోపలినుంచి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "పొద్దున్న పన్నెండు ఫోటోలు శుభ్రం చేశావు. ఎవర్ని అడిగి చేశావురా?"

అతను కంప్యూటరు ఆపేయబోయాడు.

"కన్ను కోయించుకుంటావా, నిజం చెప్తావా? రెండోదే చవక."

"చెప్తే ఇంక నా ముఖం చూడదు మామయ్యా. ఇన్నాళ్ళూ బడిలో అలిసిపోయి వచ్చి నా పక్కన కూర్చుంది. అదంతా నాటకమని ఎలా చెప్పను?"

"చూపు పోతే నువ్వే ఆమె ముఖం చూడలేవురా వెధవా," అన్నాడు మామయ్య. ఆ మాటలో వేళాకోళం లేదు.

ఆసుపత్రికి ముగ్గురూ వెళ్ళారు. మందు చుక్కలు వేయించుకుని, మసకమసకగా, అతను డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాడు. కిటికీ బయట మబ్బు పట్టింది. ఆ తెల్లటి కిటికీ మీద అతని చుక్కలు, పోగులు, ముద్దలు, అన్నీ నిదానంగా తిరుగుతున్నాయి. వాటిని చూస్తుంటే ఏనాడూ లేనిది ఆ వేళ జాలేసింది. పాపం, అవేం చేశాయి.

"పెరిగాయా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ."

"మెరుపులు?"

"లేవండీ."

"మరి ఆపరేషన్ ఎందుకు కావాలంటున్నారు?"

వెనక కూర్చున్న టీచరమ్మే ముందుకొచ్చింది.

"నేను చెప్తాను డాక్టరు గారూ. ఆయన పని పాత ఫోటోల మీద చుక్కలు తీయడం. ఏది కంట్లోదో, ఏది ఫోటోలోదో ఆయనకి తెలియట్లేదు. ప్రతి చుక్కకీ నన్నడగాల్సి వస్తోంది. రేపు నేను లేకపోతే ఆయన బతుకు ఆగిపోతుంది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అదేమిటమ్మా, విచిత్రంగా ఉందే. చూపు పక్కకి తిప్పితే కంట్లోది కదులుతుంది, కాగితం మీదది కదలదు. ఎవరికైనా నాలుగు రోజుల్లో తెలిసిపోయే సంగతి. మీకు తెలియలేదా బాబూ?"

మామయ్య దగ్గలేదు. తెలియలేదండీ అని ఒక్క అబద్ధం ఆడితే చాలు, అన్నీ సర్దుకుంటాయి. తలుపు పక్క గదిలోనే కత్తులున్నాయి. అతను వెనక్కి తిరిగి చూశాడు. విప్పారిన కళ్ళకి ఆమె ముఖం మసగ్గా కనిపించింది. రేపట్నించి ఎప్పుడూ ఇలాగే కనిపిస్తే?

"తెలుసండీ," అన్నాడు.

"ఎప్పట్నించి?" అడిగింది డాక్టరమ్మ కాదు, టీచరమ్మ.

"మొదట్నించీ. మొదటి వారంలోనే."

"అంటే పని చేసుకోగలరా?"

"చేసుకోగలను. చేసుకుంటున్నాను."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నా చేత కన్ను కోయించుకుని కూర్చునేవారన్నమాట. గోరు కత్తిరించుకోవడం అనుకున్నారా?"

టీచరమ్మ లేచి నిలబడింది. "పరీక్షలప్పుడు కూడా వచ్చానండీ. జ్వరమొచ్చినప్పుడు కూడా వచ్చాను. నేను రాకపోతే పని ఆగిపోతుందని." సంచీ భుజానికి తగిలించుకుంది. "నువ్వింత అబద్ధాలకోరువనుకోలేదు."

మొదటిసారి నువ్వు అంది. దానికి సంతోషించే వేళ కాదని అతనికి తెలుసు. అయినా ఆ పిలుపు చెవుల్లో ఉండిపోయింది. ఆమె తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఇంకా కూర్చున్నావేరా?" అన్నాడు మామయ్య.

బయట వాన మొదలైంది. విప్పారిన కళ్ళకి వీధంతా వెలుగూ నీళ్ళూ కలగలిసిన ముద్దలా ఉంది. బస్టాపులో నీలం గొడుగు కనిపించింది. ఆమెదే. ఆయాసపడుతూ దాని దగ్గరికి పరిగెత్తి, వెనకనుంచే మొదలుపెట్టాడు.

"తప్పే. ఒప్పుకుంటాను. కానీ చుక్క గురించి ఆడానే గానీ ఇంక దేని గురించీ అబద్ధం ఆడలేదు. నువ్వు ఆ స్టూలు మీద కూర్చోకపోతే నాకు పొద్దు గడవదు. అది చెప్పే ధైర్యం లేక చుక్కని అడ్డం పెట్టుకున్నాను. నన్ను క్షమించు."

గొడుగు తిరిగింది. దాని కింద ఒక ముసలాయన.

"పర్వాలేదు నాయనా," అన్నాడాయన ఎంతో దయగా. "క్షమించాను."

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక నోరు మూసుకున్న చప్పుడు. బస్టాపు అవతలి చివర, గొడుగు లేకుండా తడుస్తూ, టీచరమ్మ. ఈసారి గొడుగు ఆసుపత్రిలో మర్చిపోయి వచ్చింది. కోపంగా ఉండాలని ఎంత ప్రయత్నించినా పెదవులు మాట వినడం లేదు.

"కనబడకుండానే ఇంత చెప్పేశావు. కనబడుంటే ఏం చెప్పేవాడివి?"

"కనబడుంటే నోరు పెగిలేది కాదు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అవి వాన నీళ్ళని ఈసారి అనలేదు.

"డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో తెలుసా?" అంది. "నీకు మెరుపులొచ్చిన వారంలోనే. ఆ తర్వాత తెచ్చినవన్నీ స్టాఫ్ రూములో అడుక్కొచ్చినవి. ఆ మీసాల బాబాయి సైన్సు మాస్టారి మావగారు. ఆ పెళ్ళికూతురెవరో నాకూ తెలియదు. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు. అందుకే అయిపోయాయన్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"మీ ఇంటి ముక్కు ఒక్కదానికీ లేదు. నేను ముఖాలు చూసి బతికేవాడిని."

"మరెందుకు అడగలేదు?"

"అడిగితే రావడం మానేస్తావని."

ముసలాయన తన గొడుగుని ఇంకో పక్కకి తిప్పుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. బస్సు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు, ముసలాయనతో సహా.

"ఇప్పుడు నిజం చెప్పు," అందామె నెమ్మదిగా. "వాటితో ఎంత ఇబ్బంది?"

"ఆకాశం చూస్తే బాధగా ఉంటుంది. నీలంగా, శుభ్రంగా ఎలా ఉండేదో గుర్తొస్తుంది. తెల్లకాగితం చదివేటప్పుడు చికాకు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఒక్కోసారి పూటంతా మర్చిపోతున్నాను. కిటికీ యుద్ధం సంగతులు నువ్వు చెప్పేటప్పుడు అసలు గుర్తే రావు."

"ఆపరేషన్?"

"ఇప్పుడొద్దు. నిజంగా పని ఆగిన రోజు నేనే అడిగి చేయించుకుంటాను. ఆ రోజు నీతో అబద్ధం చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఆదివారం ఆమె నాన్న స్టూడియోకి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. చేతిలో ఆ ఫోటో ఉంది, పెదవి కింద పుట్టుమచ్చతో. అతను భయపడుతూ లేచి నిలబడ్డాడు. ఆయన ఫోటో వంక, అతని వంక మార్చి మార్చి చూశాడు.

"మా ఆవిడ నవ్వినప్పుడు ఈ మచ్చ కొంచెం పక్కకి జరిగేది," అన్నాడు చివరికి. "మర్చిపోయాననుకున్నాను. నువ్వు తెచ్చిచ్చావు."

"తీసేసిందీ నేనేనండీ."

"అది కూడా చెప్పింది మా అమ్మాయి. అన్నీ చెప్పింది." ఆయన అటుగా వచ్చి కుంటి స్టూలుని చేత్తో ఊపి చూశాడు. "దీని మీదేనా ఇన్నాళ్ళూ కూర్చుంది? ముందు దీనికి కాలు బాగుచేయించు. తర్వాత ముహూర్తం మాట్లాడుకుందాం."

మామయ్య లోపల గట్టిగా దగ్గాడు. తర్వాత కెమెరా తెచ్చి, ఇద్దర్నీ సరస్సు పరదా ముందు నిలబెట్టాడు. వెలిసిపోయిన చోటు కనబడకుండా అతన్ని కొంచెం జరగమన్నాడు. ఆమె నాన్న మామయ్య భుజం మీద చెయ్యి వేసి, "ఏ మచ్చా తియ్యొద్దు," అన్నాడు.

ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళ హాల్లో ఉంది. ఆమె భుజం పైన, కొండ అంచున, లెన్సు మీది దుమ్ము చుక్క ఒకటి పడింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

స్టూడియో మూతపడి చాలాకాలమైంది. మామయ్య లేడు. నాన్నగారూ లేరు. కాలు బాగుచేయించిన స్టూలు మాత్రం వాళ్ళ బాల్కనీలో ఉంది, ఇంకా కొంచెం ఊగుతూనే. అతని చుక్కలూ ఉన్నాయి. కొన్ని పాతవి కిందికి దిగిపోయాయి, ఒకటి రెండు కొత్తవొచ్చాయి. మధ్యలో ఒకసారి మళ్ళీ డాక్టరు దగ్గర కూర్చున్నారు, ఇద్దరూ ఆలోచించుకున్నారు, వెనక్కి వచ్చేశారు. పని ఆగిన రోజు ఇంకా రాలేదు.

వాన వెలిసిన సాయంత్రాల్లో ఆకాశం తెల్లగా తేటపడినప్పుడు ఇద్దరూ అక్కడ కూర్చుంటారు. ఆమె ఒళ్ళో పిల్లల పరీక్ష పేపర్లు ఉంటాయి. దూరంగా ఒక నల్లచుక్క మెల్లగా కదులుతుంది. అతను కళ్ళజోడు సర్దుకుంటాడు. చూపు కాస్త పక్కకి తిప్పితే చాలని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకీ తెలుసు.

"అది నాదా, ఆకాశానిదా?"

ఆమె ఎర్ర పెన్ను ఆపి, తలెత్తి, కళ్ళు చికిలించి, ఎంతో శ్రద్ధగా చూస్తుంది.

"టిక్కు. అది గద్ద," అంటుంది.